వరస తెలియని బాన

ఫోన్సవన్ సంతలో నూడుల్స్ గిన్నె ముందు కూర్చున్న మనిషి వీపులో రెండు తూటాలు దిగాయి. సైలెన్సర్ బిగించిన పిస్తోలు. పక్క బల్ల దగ్గర మిరపకాయలు కొరుక్కుంటున్న ఆడవాళ్లకి కూడా వినపడలేదు. కబురు తెస్తానని చెప్పి వచ్చిన మనిషి, కబురు చెప్పకుండానే ఏజెంట్ ఫూవాంగ్ చేతుల్లోకి ఒరిగిపోయాడు. పోతూ పోతూ ఒకే ఒక్క మాట అన్నాడు.

"బానలో..."

సాయంత్రం రాజధాని వియంటియాన్ నుంచి గూఢచారి శాఖ పెద్దాయన ఫోన్. బ్రీఫింగ్ మూడే నిమిషాలు. నెల క్రితం ఒక మైక్రోఫిల్మ్ దొంగతనమైంది. అవతలి దేశంలో పనిచేస్తున్న మన తొమ్మిదిమంది ఏజెంట్ల పేర్లు అందులో సంకేతాల్లో ఉన్నాయి. ఆ సంకేతాలు విప్పే పుస్తకం మాత్రం సరిహద్దు అవతల ఉంది. శుక్రవారం పదకొండింటికి తవ్వకాల్లో దొరికిన పాత బానలు ఆ దేశంలోనే ఎగ్జిబిషన్ కోసం విమానం ఎక్కుతున్నాయి.

"ఏ బానో చూపించు, విమానం ఆపుతా. ఒక్కటే. పొరపాటున వేరేది పగలగొట్టావో, ఇంకోదాన్ని ముట్టుకోనివ్వరు."

"పేర్లెవరివి సార్?"

"మూడోది లత్సమీది."

లత్సమీ అతని చెల్లెలు. ఆ పిల్లని బతిమాలి ఈ పనిలోకి దింపింది తనే.

మర్నాడు అతను తవ్వకాల మైదానం పక్కనున్న గోదాములో వర్గీకరణ గుమాస్తా థోంగ్‌డామ్ అయ్యాడు. మీసం అంటించుకున్నాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. అక్కడి నిపుణురాలు డాక్టర్ పెత్సమోన్ మన మనిషేనని పెద్దాయన ముందే చెప్పాడు. సిన్ అనే పట్టు పావడా, నల్లకళ్లద్దాలు, చూసినవాడు దారి మర్చిపోయేంత అందం. "ఈ ఏడు వాన ముందే వచ్చింది" అని కోడ్ చెప్పాడు. "రాళ్లకి మంచిదే" అందామె నవ్వుతూ.

రాతి బానలు పదకొండు. ఒకే బండని తొలిచినవి, దాచడానికి సందే లేదు. మట్టివి ముప్పై ఒకటి, ఎప్పుడో పోయినవాళ్ల ఎముకలు మట్టి కప్పి దాచినవి. మూతి వెడల్పైతే ఒక తరగతి, మెడ సన్నమైతే ఇంకొకటి, భుజం మీద గీతలుంటే మరొకటి. ఫూవాంగ్‌కి చీకట్లో తుపాకీ విప్పి బిగించడం వచ్చుగానీ, ఈ మెడలూ భుజాలూ చూసేసరికి తల తిరిగిపోయింది. తెచ్చుకున్న లోహాలు పసిగట్టే పరికరం పెడితే ముప్పై ఒక్కటీ కుయ్యోమన్నాయి. మరి అనవా? యుద్ధంలో ఈ నేల మీద కురిసిన బాంబు ముక్కలు ప్రతి బానలోని మట్టిలోనూ ఉన్నాయి.

రెండో తరగతి బానల మీదే అనుమానమని పెత్సమోన్ చెప్పింది. నాలుగు రోజులు వాటినే తడిమాడు. ఏమీ లేదు.

శుక్రవారం తొమ్మిదింటికి రిజిస్టరు తిరగేస్తుంటే ఒక తేదీ దగ్గర వేలు ఆగిపోయింది. రెండో తరగతివన్నీ రెండేళ్ల క్రితం తవ్వినవి. అప్పట్నుంచి సీలు వేసిన గదిలోనే ఉన్నాయి. నెల క్రితం పోయిన ఫిల్మ్ వాటిలోకి ఎలా వస్తుంది?

తలెత్తితే ఎదురుగా పెత్సమోన్.

"నాలుగు రోజులు పట్టిందా తమ్ముడూ?" అంది మెల్లగా. "అరుచుకో, కావాలంటే. సంతకం నాది, సీలు నాది. నువ్వు అంటించుకున్న మీసంతో ఉన్న గుమాస్తావి."

ఆమె అన్నది నిజమే, అదే అతన్ని కాల్చుకుతింది. చూపించడానికి ఒక్క ఆధారం లేదు. చెల్లెలు ఈపాటికి ఆ పరాయి ఊళ్లో టీ పెట్టుకుంటూ ఉంటుంది. తన చావు ఇక్కడ ఏ కుండలో ఉందో దానికేం తెలుసు! ఫూవాంగ్ ఒక పెట్టె మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా వీల్లేదు.

పదిన్నరకి తవ్వకాల మేస్త్రీ బువాలై తాత జిగట అన్నం బుట్ట, బియ్యపు సారా సీసా పట్టుకొచ్చాడు. పోయినవాళ్లని పస్తు పెట్టి పరాయి దేశం పంపనని పట్టుబట్టాడట. అధికారులు కూడా కాదనలేక చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎముకలున్న ప్రతి బాన దగ్గరా ఆగి, అన్నం ముద్ద వేసి, సారా చిలకరించి, వరస పెట్టి పిలుస్తున్నాడు. "తాతా, తిను, విమానంలో భయపడకు." "అత్తా, నీ మూతి పగిలింది నా గునపం వల్లే, మనసులో పెట్టుకోకు." "బిడ్డా, ఇదిగో నీకు."

ఇరవై ఏడో బాన దగ్గర నోరు తెరిచాడు. పిలుపు రాలేదు. తల గోక్కుని, దాన్ని దాటి ఇరవై ఎనిమిదో దాని దగ్గరికి వెళ్లిపోయాడు.

ఫూవాంగ్ లేచి నిలబడ్డాడు. "తాతా, దానికి పెట్టలేదేం?"

"ఎవరో గుర్తు రావట్లేదురా నాయనా. నా చేత్తో పైకి తీసిన ప్రతివాళ్లకీ అప్పుడే వరస కలుపుకుంటా. దీన్ని ఏమని పిలవాలో తెలీడం లేదు. వయసైపోయింది, మర్చిపోయుంటా."

"మర్చిపోయావులే తాతా," అంది పెత్సమోన్ చప్పున. "ఒక ముద్ద వేసెయ్. విమానానికి టైమైపోతోంది."

తాత సిగ్గుపడుతూ వెనక్కొచ్చి ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. నిజంగానే ముసలాయన మర్చిపోయుంటే? అందులో నిజంగానే ఎవరో తల్లి ఎముకలుంటే? పగలగొట్టే అవకాశం ఒక్కటే. ముద్ద బాన మూతి మీదికి వచ్చింది.

ఎగిరి తన్నాడు.

బాన భళ్లున పగిలింది. ఉత్త మట్టి. ఎముకల్లేవు, బూడిద లేదు. రెండు పొరల అడుగు, మధ్యలో వేలెడు నల్లటి గొట్టం.

పెత్సమోన్ అప్పటికే జీపు కోసం మైదానానికి అడ్డం పడి పరిగెత్తింది. బాంబులు ఏరేసిన నేలకి పెట్టిన తెల్లరాళ్ల హద్దు దాటి పది అడుగులు వేశాక గానీ ఎక్కడుందో గుర్తు రాలేదు. కింద పేలని బాంబులు. ముందుకి పోలేదు, వెనక్కి రాలేదు. కొంగలా ఒంటికాలి మీద నిలబడి, "తమ్ముడూ" అని పిలిచింది. బాంబులు తీసేవాళ్లు వచ్చేసరికి మూడు గంటలైంది.

పెద్దాయన ఫోన్‌లో మెచ్చుకున్నాడు. లత్సమీకి ఏమీ తెలియదని, తెలియనివ్వకూడదని చెప్పాడు. చెల్లెలితో ఒక్క మాట మాట్లాడతానని ఫూవాంగ్ అడిగితే కుదరదన్నాడు.

"ఇంకో సంగతి. నిపుణురాలు జైల్లో ఉంది. నీ గుట్టు బయటపడకూడదు కాబట్టి నువ్వు అక్కడే గుమాస్తాగా ఉండు. వర్గీకరించాల్సినవి ఇంకా తొమ్మిది వందల బానలున్నాయట."

మర్నాడు పొద్దున ఫూవాంగ్ రిజిస్టరు తెరిచి, మొదటి బాన ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మెడ చూశాడు, భుజం చూశాడు, ఏమీ పాలుపోలేదు. చివరికి బువాలై తాతని పిలిచి, దీన్ని అక్కా అనాలా, పిన్నీ అనాలా అని అడిగాడు.