తొమ్మిదో గడిలో టిక్కు

సముద్రాన్ని నమ్ముకున్నవాడు ఎప్పటికైనా మునుగుతాడని మా వీధిలో అందరూ అనేవాళ్లు. నేను మునగలేదు. మునిగింది నా యంత్రం. అదీ నేనే కావాలని ముంచాను.

రెండు కొండల మధ్య ఇరుకు దారిలోంచి సముద్రం రోజూ లోపలికి వస్తుంది, బయటికి పోతుంది. ఆ దారిలో నీటి అడుగున నేనొక టర్బైన్ దించాను. పోటుకీ తిరగాలి, ఆటుకీ తిరగాలి, కరెంటు పుట్టాలి. ఆరేళ్ల పని. సముద్రంలోంచి కరెంటు తీసే కొత్త యంత్రాలకు ప్రభుత్వం సాయం చేస్తుందంటే దరఖాస్తు పెట్టి, మొదటి విడత సంపాదించాను. రెండో విడత రావాలంటే తనిఖీల్లో నెగ్గాలి. రాకపోతే టర్బైన్‌ని పైకి లాగి పాత ఇనుముకి అమ్ముకోవాల్సిందే.

తనిఖీకి ఆమె వచ్చింది. పసుపు రెయిన్ కోటు, ప్లాస్టిక్ కవర్లో ఫైలు, మాట కన్నా ముందు పెన్ను.

"ఇదేనా?" అంది, టర్బైన్ పైన కట్టిన ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టగానే.

"ఇదేనండి."

"తిరగట్లేదే!"

నిజమే, మీటరు సున్నా చూపిస్తోంది. నిండుకుండ తొణకదంటారు. ఆ క్షణాన సముద్రం సరిగ్గా అలాగే ఉంది.

"ఇప్పుడు తిరగదండి. పోటు పూర్తిగా నిండాక నీళ్లు కాసేపు నిలబడిపోతాయి."

"మరి ఈ టైమే ఎందుకిచ్చారు?"

"మీ ఫారంలో 'పోటు పూర్తిగా నిండే సమయం' అడిగారు. అదే రాశాను."

"నీళ్లు ఎక్కువున్నప్పుడు ఎక్కువ తిరుగుతుందనుకుని పెట్టాను ఆ ప్రశ్న."

"పెట్టింది మీరా?"

"నేనే. తప్పని తెలిసినప్పుడు ఓ మాట చెప్పొచ్చుగా?"

"పోయినసారి మార్జిన్‌లో ఒక్క ముక్క ఎక్కువ రాసినందుకు దరఖాస్తు వెనక్కి పంపారండి. అప్పట్నుంచి అడిగినదానికే జవాబు రాస్తున్నాను."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కోపమో సిగ్గో తేల్చుకునేలోపు కింద పడవలోంచి మా మేనత్త గొంతు వినిపించింది. ముప్పై ఏళ్లుగా ఈ దారిలో పడవ నడుపుతున్నది ఆవిడే.

"సముద్రం కునుకు తీస్తోందమ్మా. ఓ అరగంట కూర్చో, అదే లేస్తుంది. మావాడికి గ్యారంటీ ఇవ్వలేను గానీ, దానికి ఇస్తాను."

కూర్చున్నాం. చినుకులు మొదలయ్యాయి. గొడుగు ఒకటే ఉంది. దాని కింద ఉండాల్సింది నేనా, ఫైలా అన్న ప్రశ్న రాగానే ఆమె ఫైలుకే ఓటేసింది.

స్తంభం పక్కన ఒక నాచు తీగ కదలకుండా తేలుతోంది. దాన్నే చూడమన్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అది బెత్తెడు జరిగింది. మళ్లీ మూరెడు. నీటి మీద సన్నటి గీతలు లేచాయి. చూస్తుండగానే కొండకీ కొండకీ మధ్య ఉన్న నీళ్లన్నీ, చప్పుడు లేకుండా, ఒక్కటిగా బయటికి నడవడం మొదలుపెట్టాయి. మా కాళ్ల కింద ఇనుము సన్నగా మూలిగింది. మీటరు ముల్లు లేచింది. ప్లాట్‌ఫాం మీది షెడ్డు గుమ్మంలో బల్బు వెలిగింది.

ఆమె రెయిలింగ్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది. పెన్ను జారి నీళ్లలో పడింది. ఆ సంగతి కూడా చూసుకోలేదు.

"ఇంత నీటిని ఎవరు లాగుతున్నారు?"

"చంద్రుడండి."

"పట్టపగలా?"

"ఆయనకి డ్యూటీ టైమింగ్స్ లేవు."

"రోజుకి ఎన్నిసార్లు?"

"నాలుగు. రెండుసార్లు లోపలికి, రెండుసార్లు బయటికి."

"నాలుగుసార్లు..." అంది మెల్లగా. "నేను పుట్టకముందు నుంచీ జరుగుతోంది. ఒక్కసారి కూడా చూడలేదు నేను."

ఆరేళ్లుగా రోజూ చూస్తున్నవాణ్ణి. అయినా ఆమె పక్కన నిలబడి చూస్తే ఆ రోజు నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

రూలు ప్రకారం నెలకోసారి, మొత్తం ఐదు తనిఖీలు. రెండోసారికల్లా ఆమె ఫారంలో ప్రశ్న మార్చేసింది. ఇప్పుడక్కడ 'నీళ్లు కదిలే సమయం' అని ఉంది. కానీ తను మాత్రం అరగంట ముందే వచ్చేది.

"నిలబడిన నీళ్లని కూడా పరిశీలించాలి కదా" అనేది.

"నిలబడిన నీళ్లనా, నిలబడిన మనిషినా?" అనేది అత్త, నాకు మాత్రమే వినిపించేలా. ఆవిడ గుసగుస అవతలి గట్టుక్కూడా వినిపిస్తుంది.

నాలుగో తనిఖీ రోజు రీడింగులు తీయడం అయ్యాక నా నోరు ఊరుకోలేదు. "ఇదివరకు పోటు వేళల టైడ్ టేబుల్‌ని యంత్రం కోసం చూసేవాణ్ణండి. ఇప్పుడు మీరెప్పుడొస్తారా అని చూస్తున్నాను" అనేశాను.

ఆమె ఫైలు సర్దుకుని పడవెక్కేసింది. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. నా ఫైలు ఇంకో అధికారికి బదిలీ అయిందట.

"ఏం వాగావురా?" అంది అత్త. చెప్పాను. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నీకెవరూ చెప్పలేదా?" అని తలపట్టుకుంది.

అన్నం సహించలేదు. యంత్రం పోతుందన్న బెంగ కన్నా, ఆమెని నొప్పించానన్న బెంగే ఎక్కువగా ఉంది. ఆ మాట నాకు నేనే ఒప్పుకోవడానికి రెండ్రోజులు పట్టింది.

కొత్త అధికారి పెద్దాయన. ఆయన పెన్నులో ఎర్ర సిరా తప్ప ఉండదని పేరు. వచ్చారు, కుర్చీలో కూర్చున్నారు. నీళ్లు నిలబడి ఉన్నాయి.

"ముందు ఒక ఫార్మాలిటీ" అంటూ ఫైలు తెరిచి ఒక కాగితం నా ముందుకి తోశారు.

తొమ్మిదో ప్రశ్న: దరఖాస్తుదారుతో తనిఖీ అధికారికి వ్యక్తిగత సంబంధం ఏమైనా ఉందా? పక్కన రెండు గడులు. ఆమె టిక్కు 'ఉంది' గడిలో ఉంది. కింద వివరాలు అన్నచోట, గుండ్రటి అక్షరాలతో: 'నా వైపు నుంచి ఉంది. ఆయన వైపు సంగతి ఆయన్నే అడగాలి.'

మళ్లీ చదివాను. అక్షరాలు అలుక్కుపోతున్నాయి, వానేమో లేదు.

"అడుగుతున్నాను" అన్నారాయన, నవ్వకుండా. "లేదంటే 'లేదు' అని సంతకం పెట్టండి. ఒక వైపే ఉంటే రూలు లెక్కలో సంబంధం కాదు, ఫైలు తిరిగి ఆమెకే వెళ్తుంది. నాలుగు రిపోర్టులూ బాగా రాసింది, మీ పనైపోతుంది. ఉందంటే నిర్ణయం నాది. ఇలాంటి యంత్రాల్లో నేనింతవరకూ ఒక్కదానికీ ఒప్పుకోలేదు."

ఒక్క అబద్ధం ఆడితే ఆరేళ్ల పని గట్టెక్కుతుంది. నీళ్లకేసి చూశాను. నాచు తీగ కదలడం లేదు. ఆమె అంత ధైర్యంగా రాసిన మాటని నేనెలా కాదనను?

"పెన్నివ్వండి సార్."

'నా వైపు నుంచీ ఉంది' అని రాసి, సంతకం పెట్టాను. ఎర్ర సిరానే.

ఆయన కాగితం మడుస్తుండగా తీగ బెత్తెడు జరిగింది. మూలుగు మొదలైంది. పెద్దాయన తలెత్తారు. లేచారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. కొండల మధ్య సముద్రమంతా నడుస్తుంటే చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"రోజుకి ఎన్నిసార్లయ్యా?" అన్నారు చివరికి.

"నాలుగు సార్."

తర్వాత గంటన్నర పాటు రీడింగులన్నీ దగ్గరుండి తీయించారు, పాత నాలుగు రిపోర్టులతో సరిచూశారు. చివరి పేజీలో రాసింది నా వైపు తిప్పారు. 'రెండో విడతకు సిఫారసు చేస్తున్నాను.'

పడవలో తిరిగొస్తుంటే ఒడ్డున పసుపు రెయిన్ కోటు కనిపించింది. పడవ గట్టుకి తగలకముందే దూకేశాను.

"ప్లాట్‌ఫాం మీదికి నేను రాకూడదు. రూలు" అంది ఆమె. "ఏం రాశారు?"

"మీరు రాసిందే."

ఆమె కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. ఆ తర్వాతే గుర్తొచ్చినట్టు, "అయ్యో, టర్బైన్?" అంది.

"ఉంటుంది."

వెనక నుంచి అత్త కేకేసింది. "చాల్లే, ఎక్కండి ఇద్దరూ! ఒరేయ్, అవతలి గట్టు మీద మీ అమ్మ ఎదురుచూస్తోంది. కోడలు వస్తోందని పొద్దున్నే చెప్పేశాను."

"పొద్దున్నేనా? అప్పటికి నేనింకా సంతకమే పెట్టలేదత్తా!"

"ముప్పై ఏళ్లుగా ఈ నీళ్లు చూస్తున్నానురా" అంది అత్త, తాడు విప్పుతూ. "తిరగబోయే ముందు నాకు తెలీదూ?"