పదకొండో పెట్టెలోని కపాలం

భాద్రపద అమావాస్య... నడిమధ్యాహ్నానికి ఇంకా ముప్పావుగంట!

క్షుద్రోపాసకులకు అర్ధరాత్రే ఇష్టమని లోకులు అనుకుంటారు. లోకులకేం తెలుసు? నీడ మనిషి పాదాల కిందికి ముడుచుకుపోయే ఆ క్షణం అంతకన్నా ఘోరమైనది. ఆ రహస్యం ఎరిగినవాడు కనుకనే మదనపల్లె ప్రకృతి చరిత్ర మ్యూజియం రజతోత్సవానికి మాంత్రికుడు చెంగల్రాయుడు ఏరికోరి ఆ ముహూర్తమే పెట్టాడు.

"మహాలయ అమావాస్య పూట పండగేంది సామీ? జనాలు ఇండ్లల్లో పెద్దోళ్ళకి పెట్టుకుంటాండారే..." అని మ్యూజియం ట్రస్టుకు ఈమధ్యే అధ్యక్షుడైన జయచంద్ర ఒక్కసారి నసిగాడు.

"నువ్వు టమోటాలు అమ్మేటోడివా, పంచాంగం సెప్పేటోడివా?"

అంతే! టమోటా మండీలో వందమందిని నోరెత్తనివ్వని జయచంద్ర చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

కారు దిగి హాల్లోకి అడుగుపెట్టగానే చెంగల్రాయుడికి ఒళ్ళంతా ఏవగింపు. చచ్చిన జంతువులకు పండగ! గడ్డి కూరిన చిరుతపులి మెడలో బంతిపూల దండ... కొండచిలువను ముంచిన సీసాకు కుంకుమబొట్టు... పుంగనూరు ఆవు అస్థిపంజరం కొమ్ములకు రెండు బుడగలు! ఈ గొర్రెలమందకు తను ముఖ్య అతిథి. ఎంతటివాడికి ఎంతటి గతి పట్టిందని తనమీద తనే జాలిపడ్డాడు. జాలిపడాల్సిన మాట నిజమే. అయితే అది హోదా గురించి కాదు, ప్రాణం గురించి.

పన్నెండేళ్ళ కిందట కుప్పం అడవుల్లో, ఒక కొండగుహలో, ధూమ్రజిహ్వ అనే పిశాచిని వశపరచుకున్నాడు. అది పల్లెల్లో జబ్బై దూరేది... ఇతగాడు వెళ్ళి విభూతి పెట్టి దాన్ని వెనక్కి పిలిచేవాడు. చౌడేపల్లె నుంచి పెద్దమండ్యం దాకా జనం కాళ్ళమీద పడేవారు. పుంగనూరులో మూడంతస్తుల మేడ లేచింది. ఇందులో అతగాడి సొంత విద్య అంటూ ఏమైనా ఉంటే అది బెదిరించడం ఒక్కటే.

ఆ ఒప్పందానికి నేటితో గడువు! ఉత్తరక్రియలు లేక అల్లాడే మనిషి కపాలం ఒకటి పిశాచికి ఇల్లుగా ఇవ్వాలి. ఆ ఇంట్లో దీపంగా ఒక ఆడపిల్ల ప్రాణం పెట్టాలి. నడిమధ్యాహ్నం దాటేలోగా ఇది జరగకపోతే... ఇక ధూమ్రజిహ్వకు ఇల్లు చెంగల్రాయుడి తలకాయే!

పదకొండో గాజుపెట్టెలో మనిషి కపాలం ఉందనీ, అది బావి తవ్వుతుంటే దొరికిన అనాథదనీ జయచంద్రే గొప్పలు పోతూ చెప్పాడు. ఆడపిల్ల కూడా అక్కడే దొరికింది. యమున... సందర్శకులకు జంతువుల సంగతులు వివరించే వాల్మీకిపురం పిల్ల. నోట్లో నాలుక లేని మనిషి. హారతి పళ్ళెం పట్టుకోమంటే మారుమాట లేకుండా పట్టుకుంది.

జనాన్ని బయట షామియానా కిందికి తోలేశారు. తలుపుల దగ్గర ఒక ముసలావిడ మాత్రం కదల్లేదు. ఇరవై ఐదేళ్ళుగా ఆ గాజులన్నీ తుడుస్తున్న బయ్యమ్మ.

"సామీ, ఆ పదకొండో పెట్టె గురించి ఒక్క మాట..."

చెంగల్రాయుడు ఆమె మొహం కేసి కూడా చూడలేదు. "సీపురు పట్టేదానికి కపాలాల సంగతి యాల? బయటికి నూకండి దీన్ని!"

జయచంద్ర ఆమెను బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు. మాంత్రికుడు నేలమీద ముగ్గు గీసి, పెట్టె తెరిచి, కపాలాన్ని దాని మధ్యలో నిలిపాడు. నిమ్మకాయలు కోశాడు. బొటనవేలు గాటు పెట్టి రక్తబిందువులు చిలకరించాడు. భీకరమైన బీజాక్షరాలు ఆ హాలంతా మారుమ్రోగాయి...

ఫెళ్ళుమని ఉరిమింది! చినుకు లేదు... గాలి లేదు... నిప్పులు చెరిగే ఎండలో పిడుగుపాటు! ఎన్నో ఏళ్ళ కిందట చచ్చి, గాజుకళ్ళు పెట్టించుకుని కొమ్మమీద కూర్చున్న గుడ్లగూబ మెడ తిప్పి ఘూకారం చేసింది! జయచంద్ర వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయాడు.

"అమ్మా...!"

హృదయవిదారకమైన ఆర్తనాదం! యమున చేతిలోని పళ్ళెం ఎగిరిపడింది. కనుపాపలు పైకి తేలిపోయాయి. జుట్టు విరబోసుకుని ఆమె నేలమీద పాకుతూ వచ్చింది. మూలిగే మగగొంతు, నవ్వే ముసలిగొంతు ఒకేసారి ఆమె నోట్లోంచి వెలువడ్డాయి.

"నా ఇల్లు యాడరా?"

చెంగల్రాయుడు గర్వంగా చెయ్యి చాచి చూపించాడు. "అదో... నీ కోసరమే తెచ్చిండా. దూరు!"

యమున రెండు చేతులా కపాలాన్ని ఎత్తుకుని ఆబగా మొహానికి ఆనించుకుంది. వాసన చూసింది... హాలు దద్దరిల్లేలా గర్జించి దాన్ని నేలకేసి కొట్టింది! తెల్లటి పొడి గుప్పుమని లేచింది.

"ఇందులో మనిషి ఏడిరా? ఎముక ఏడిరా?"

మాంత్రికుడు వంగి ముక్క ఒకటి తీసి నలిపి చూశాడు. సుద్దలా రాలిపోయింది. ఆ కేకకు తలుపు తోసుకుని బయ్యమ్మ పరుగెత్తుకొచ్చింది. పిశాచిని చూసి ఆగలేదు. తిన్నగా వెళ్ళి యమునను గట్టిగా వాటేసుకుంది.

"ఏందే ఇది? నిజం కపాలం యాడ దాసినారు?" అరిచాడు చెంగల్రాయుడు.

"దాసేదేంది! అయిదేండ్ల కిందటే, ముందు ఈ మ్యూజియం సూసుకుంటాండిన బడిపంతులు, మా పాత సారు, ఆ ఎముకకి కొరివి పెట్టినాడు. పేరు తెలీదని మనిషి కాకుండా పోతాడా అన్నాడు. ఆ ఖాళీలో పిల్లోళ్ళకి సూపించేదానికి ప్లాస్టర్‌ది పెట్టినారు. సారు పోయినంక నేనే నువ్వులూ నీళ్ళూ ఇడస్తాండా. ఈ పొద్దు కూడా ఇడిసే వచ్చినా. ఆయప్ప ఎప్పుడో గట్టున పడినాడు. సెప్తామని వస్తే తోలేస్తివి గదా సామీ!"

చెంగల్రాయుడు చేతికంటిన సుద్దను విదిలించాడు. ఎక్కడెక్కడి శ్మశానాలనో గడగడలాడించినవాణ్ణి ఒక చీపురుపట్టే ముసల్ది, ఒక బడిపంతులు కలిసి ఓడించారు! పైకప్పు అద్దంలోంచి పడే వెలుగులో అతని నీడ అంతకంతకూ కురచబడుతోంది.

"ఆ పిల్లనే మొత్తంగా తీసుకో! సాలకపోతే ఈ ముసల్దాన్ని... అదో, ఆ జయచంద్రను తీసుకో! పుంగనూరు మేడలో ఉండేటోళ్ళందర్నీ తీసుకో! నన్ను మాత్రం ఇడిసిపెట్టు!"

పిశాచి పకపకా నవ్వింది. "పన్నెండేండ్లు నా ఎంగిలి తిని బతికినావు. ఒక ఇల్లు సూడమంటే సున్నం ముద్ద తెచ్చినావు. నీకెందుకురా ఈ విద్యలు?"

నీడ అతని పాదాల కిందికి ముడుచుకుపోయింది!

యమున నోట్లోంచి బొగ్గుపొగ లాంటిది జివ్వున వెలువడింది. ఆ పిల్ల బయ్యమ్మ ఒడిలో వాలి, "అవ్వా... నీళ్ళు" అని గొణిగింది. పొగ తిన్నగా వచ్చి చెంగల్రాయుడి ముక్కుపుటాల్లో దూరింది. అతను రక్షామంత్రం చదవబోయాడు... నాలుక కదల్లేదు! చెయ్యెత్తబోయాడు... చెయ్యి తనది కాదు! కళ్ళ వెనకాల ఏదో సావకాశంగా తిరుగుతూ ఒక్కొక్క గోడనూ తట్టి చూస్తోంది. మెదడులో ఒక మూలకు ఒదిగి అతను ఏడ్చాడు. ఆ ఏడుపు బయటికి రాలేదు.

"సామీ... బాగుండారా?" జయచంద్ర దూరం నుంచే అడిగాడు.

చెంగల్రాయుడి నోరు తనంతట తనే తెరుచుకుంది.

"భయపడొద్దప్పా. నన్ను పంపేటోడే లేనప్పుడు నేను ఎవురి జోలికీ పోను. ఇల్లు ఇరుకే గానీ సర్దుకుంటా. లోపల మూలన ఎవుడో కూసోని ఏడస్తాండాడు."

"ఎవురు?"

"ఎవుడో పనికిమాలినోడు. తోసేస్తాండా."

చెంగల్రాయుడు విన్న ఆఖరి మాట అదే.