మీటరు అతుకుకి ఎన్ని ఊపిరులు

అతుకు ఉక్కు పలక చివరికి చేరగానే పైడితల్లి వెల్డింగ్ గన్ మీట వదిలింది. చేతిని మాత్రం కదపలేదు. తీగ ఆగాక కూడా రెండు క్షణాలు వాయువు బుస్సుమంటూనే ఉంటుంది. ఎర్రటి గీత నల్లబడేదాకా ఆ వాయువే దానికి దుప్పటి. తొందరపడి గన్ ఎత్తేస్తే షెడ్డులోని గాలి తగిలి, చివర సూదిబెజ్జాలు పడతాయి. అలాంటి బెజ్జాల్లోంచే సొరంగాల్లోని గాలి బయటి ఎర్ర మైదానంలోకి జారిపోతుంది. అంగారకుడి మీద ఇరవై ఏళ్ళు అతుకులు వేసిన మనిషికి ఆ రెండు క్షణాలు ఓపిక పట్టడం కష్టమేమీ కాదు.

ముసుగు పైకెత్తి, బల్లమీద వరసగా పెట్టిన మూడు పలకలనూ చూసుకుంది. మూడింటి మీదా సరిగ్గా మీటరు అతుకు, పోల్చి చూడటానికి అచ్చంగా కుదిరాయి. ఆమెకు హాయిగా అనిపించింది.

ఏడో సొరంగానికి తొమ్మిది వందల మీటర్ల అతుకు వేయాలి. ఏ వాయువుతో వేస్తే తక్కువ ఖర్చో సాయంత్రంలోగా కొలిచి చెప్పమని పొద్దున మితి అడిగింది. కాలనీలో గాలీ నీళ్ళూ గదులూ పనులూ అన్నీ పంచే కంప్యూటరు మితే. దాని లెక్క ఊపిరుల్లో ఉంటుంది, ఇక్కడ ఏ ఖర్చుకైనా రూపాయి బదులు ఊపిరే కొలత. ఆ సొరంగంలో పైడితల్లికీ ఒక గది రాసి ఉంది. నాలుగేళ్ళుగా చెల్లెలి కుటుంబంతో ఒకే గదిలో సర్దుకుంటోంది కాబట్టి, పని త్వరగా మొదలైతే ఆమెకూ మంచిదే.

మొదటి పలక కార్బన్ డయాక్సైడ్‌తో వేసింది. బయటి గాలి దాదాపు అంతా అదే. పీల్చి శుభ్రం చేసుకుంటే చాలు. అతుకు లోతుగా దిగింది గానీ, రవ్వలు ఎగిరి పలకంతా పొక్కుల్లా అంటుకున్నాయి. రెండోది నాలుగు పాళ్ళు ఆర్గాన్, ఒక పాలు కార్బన్ డయాక్సైడ్ కలిపిన మిశ్రమం. నున్నగా వచ్చింది. కాకపోతే ఆర్గాన్‌ను బయటి గాలిలోంచి చుక్కచుక్కగా విడదీయాలి, పైగా సొరంగాల్లో పీల్చే గాలికి కలపడానికీ అదే కావాలి. మూడోది ఒట్టి ఆర్గాన్. ఉక్కు మీద అది నిలవదని ఆమెకు ముందే తెలుసు. గీత ఉబ్బెత్తుగా లేచింది, అంచులు కోసుకుపోయాయి. ఆ పలకను పక్కకు నెట్టేసింది.

"బాబాయ్, ఇక నీ వంతు," అంది.

సింహాచలం గ్రైండర్ అందుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆమెకు గన్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. విశ్రాంత వర్గంలోకి వెళ్ళి ఏడేళ్ళయినా ఏ రోజూ షెడ్డు మానలేదు. మొదటి పలక మీది పొక్కులు గీకి చదును చేయడానికి ఆయనకు పదకొండు నిమిషాలు పట్టింది. రెండోది రెండు నిమిషాల్లో అయిపోయింది. గ్రైండర్ దించి కుడి భుజం నొక్కుకున్నాడు.

"నొప్పేటి?"

"ఏటీ లేదమ్మా. దానికదే సర్దుకుంటాది."

పైడితల్లి అంకెలు చెప్పింది. గోడమీది తెర వెలిగింది. మీటరుకు కార్బన్ డయాక్సైడ్ వాయువు ఒక ఊపిరి, రవ్వలుగా పోయిన తీగ తొమ్మిది, మొత్తం పది. మిశ్రమం వాయువు ముప్పై, తీగ రెండు, ముప్పై రెండు.

"కార్బన్ డయాక్సైడ్ మేలు. ఖాయం చేయమంటారా?" అంది మితి.

"గ్రైండింగ్ ఎక్కడ?"

"చేర్చాను. విశ్రాంత వర్గపు నిమిషానికి విలువ సున్న."

ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. తొమ్మిది వందల మీటర్లు, మీటరుకు పదకొండు నిమిషాలు. నూట అరవై అయిదు గంటలు ఆ భుజం మీద. అదంతా సున్న.

ఇంకో పలక తీసి, మళ్ళీ కార్బన్ డయాక్సైడ్‌తో అతుకు వేసింది. సింహాచలం లేవబోతుంటే ఆపి, గ్రైండర్ తనే పట్టుకుంది. పదకొండు నిమిషాలయ్యేసరికి మణికట్లు జివ్వుమన్నాయి. మిశ్రమంతోనూ అలాగే చేసింది. పనిచేసిన వారు పైడితల్లి అని మితికి చెప్పింది. ఆమె నిమిషానికి విలువ ఆరు ఊపిరులు. తెరమీద అంకెలు తారుమారయ్యాయి. కార్బన్ డయాక్సైడ్ డెబ్బై ఆరు, మిశ్రమం నలభై నాలుగు.

"ఒకే పనికి రెండు విలువలు వచ్చాయి," అంది మితి. "మీ కొలతను ప్రత్యేక సందర్భంగా నమోదు చేస్తే ఏడో సొరంగానికి మిశ్రమం మంజూరవుతుంది. రేపే పని మొదలు. లేదా రెండూ సమానమైన పనేనని కొలిచినవారిగా ధ్రువీకరించాలి. అలా చేస్తే పాత పట్టికలన్నీ తిరిగి లెక్కించాలి. అంతవరకూ పంపకాలేవీ జరగవు."

"పట్టికలంటే ఎవరివి?"

"విశ్రాంత వర్గంలో పనిచేస్తున్న నాలుగు వందల పన్నెండు మందివి. వంటశాల, శిశుశాల, వడపోత గదులు."

సింహాచలం దగ్గాడు. "మొదటిదే నొక్కీమ్మా. మిశ్రమం వస్తాదంట కదా. నీ గదీ వస్తాది. నాకెందుకొచ్చిన లెక్కలు?"

"నీకొద్దా?"

"నాను వచ్చేది లెక్కకోసం కాదే తల్లీ. ఇంట్లో కూకుంటే తోచదు." గ్రైండర్ మీది దుమ్ము తుడిచాడు. "మిశ్రమం వచ్చీసినాక మరి గీకడానికేటుంటాది? ఇక్కడికి రానిస్తారా నన్ను?"

ఆయన భయం అదని ఆమెకు అప్పుడు అర్థమైంది. మీటరుకు రెండు నిమిషాల పని మిగులుతుంది. అప్పుడు ఆ మనిషి ఇక్కడ ఉన్నా లేకపోయినా మితికి ఒకటే, ఎందుకంటే సున్నతో ఎన్ని నిమిషాలు గుణించినా సున్నే.

"పిల్లలకి గన్ నేర్పడానికి ఎవడొస్తాడు బాబాయ్? ఆ ఆఖరి రెండు క్షణాలు ఆగడం ఎవడు చెప్తాడు? ఆ నిమిషాలూ లెక్కలోకి రావద్దా?"

గదికోసం ఇంకెన్నాళ్ళు ఆగాలో పైడితల్లికి తెలియదు. చెల్లెలు ఏమంటుందో మాత్రం తెలుసు. అయినా తెర దగ్గరికి నడిచి, "రెండూ ఒకటే పని. నేను ధ్రువీకరిస్తున్నాను," అంది.

తెర మీది అంకెలన్నీ ఆరిపోయాయి. వంటశాలకు రావలసిన పిండి, వడపోత గదుల వంతులు, ఏడో సొరంగం తేదీ, ఒక్కొక్కటీ చెరిగిపోయి ఖాళీ గడులు మిగిలాయి. మితి అలా ఆగి ఆగి పలకడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"విలువ లేనందున విశ్రాంత వర్గపు నిమిషాలు ఇన్నేళ్ళూ నమోదు కాలేదు. ఎవరు ఎంత పనిచేశారో నాకు తెలియదు. ఎవరిని అడగాలి?"

పైడితల్లికి నవ్వొచ్చింది. పక్కకు తిరిగి సింహాచలం వైపు చూసింది. ఆయన ఆ ఖాళీ గడులను ఎగాదిగా చూశాడు. చేతి తొడుగులు విప్పి బల్లమీద పెట్టాడు. స్టూలు లాక్కుని తెర ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"నన్నే అడుగు," అన్నాడు. "వంటశాల అచ్చియ్యమ్మని కూడా పిలు. నాకంటే దానికి బాగా గుర్తు."