గ్లాసెడు నీళ్ళు

ఆ ఉదయం తార్నాకలోని ఇంట్లో ఎస్తేరుకు చీర కుచ్చిళ్ళు ఓ పట్టాన కుదరలేదు. వంటింట్లోకి తొంగిచూస్తే తల్లి ఉప్పలమ్మ, నిరుడు కామెర్లతో పోయిన కొడుకు దానియేలు చొక్కా ఒళ్ళో పెట్టుకుని కళ్ళొత్తుకుంటోంది.

ఎస్తేరు గబగబా కుండలోంచి నీళ్ళు ముంచింది. "ఊకో అమ్మా, ఊకో. తాగు."

ఉప్పలమ్మ తాగింది, ఊరుకుంది. ఆ ఇంట్లో ఎవరు ఏడ్చినా జరిగేది అంతే.

ఎస్తేరు యూనివర్సిటీలో మానసిక చికిత్స నేర్చుకుంటోంది. వచ్చినవాళ్ళతో ఆమె మాట్లాడుతుంటే, ప్రొఫెసరు అచ్యుతరామయ్యగారు అద్దం అవతలి గదిలోంచి గమనిస్తారు. ఆయనకు అంతా కనిపిస్తుంది, మనకేమో మన మొహమే కనిపిస్తుంది. ఎంత హింసో! ఆయన ఒప్పుకోకపోతే ఈ ఏటి చదువు అంతే సంగతులు.

ఆ రోజు వచ్చినావిడ బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఆవిడ ఏడవడం మొదలుపెట్టగానే ఎస్తేరు చెయ్యి గ్లాసు మీదికి పోయింది. "ఊరుకోండమ్మా, నీళ్ళు తాగండి." ఆవిడ తాగింది. మళ్ళీ నోరు విప్పలేదు.

"ఆమెకు దాహం వేసిందా అమ్మా?" తర్వాత ప్రొఫెసరు అడిగారు.

"లేదు సార్."

"మరి ఆ నీళ్ళు ఎవరికోసం? రేపు ఇంకొక్కసారి చూస్తాను. మళ్ళీ ఇదే అయితే ఇక నీకు ఎవర్నీ అప్పగించలేను."

సాయంత్రం ఎస్తేరు ఇంటికొస్తూనే సంచి విసిరేసింది. "ఒకరు ఏడుస్తుంటే ఉత్తగ కూసోవాల్నట! గదేం చదువమ్మా!"

ఉప్పలమ్మకు ఒళ్ళు మండింది. "మరి కూసోరాదు? కొడుకు పోయినంక గీ ఇంట్ల నన్ను ఒక్కపూటన్న ఏడ్వనిచ్చిన్రా? నోరు తెరిస్తే నీళ్ళు! నేనేడిస్తే నీకేం భయమే?"

"భయమే!" అరిచింది ఎస్తేరు. "నువ్వేడిస్తే తమ్ముడు నిజంగనే పోయినట్టయితదని భయం!"

ఉప్పలమ్మ కొడుకు చొక్కా పట్టుకుని ఉన్నచోటే కూలబడింది. ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా తన్నుకొచ్చింది. ఎస్తేరు చెయ్యి కుండవైపు సాగి, ఆగింది. అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. పోలేదు. పక్కనే చతికిలబడి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆఖరునాడు చింతకాయ తొక్కు అడిగిండు బిడ్డా. పథ్యమని పెట్టకపోతి. నాలిక మీద ఇంతన్న రాయకపోతి!"

ఈ మాట ఇంతకాలం ఎవరికీ తెలియదు. ఎస్తేరుకూ ఏడుపు ఆగలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కరువుతీరా ఏడ్చారు.

దీపాలు పెట్టేవేళకు ఉప్పలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. చొక్కా మడతపెట్టి కూతురివైపు చూసింది.

"ఇగ ఇయ్యి బిడ్డా నీళ్ళు. ఏడ్చి ఏడ్చి గొంతెండింది, దూపయితున్నది."