ముప్పై ఏడుకు లోపల

"రొయ్యలనుకున్నారా, రక్తమనుకున్నారా?"

నెల్లూరు ఆస్పత్రి ల్యాబులో ఏంజెలిన్ కస్సుమంది. ఎదురుగా పెంచల్, చేతిలో థర్మాకోల్ పెట్టె. పెట్టె నిండా ఐసు ముక్కలు, వాటి మధ్య పాతిపెట్టిన రక్తం ట్యూబు. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్లు ఏది పాడవకూడదన్నా ఐసులో పూడ్చడమే ఎరుగుదురు మరి.

"మా నాయనకు క్లోమానికి క్యాన్సర్ ఆపరేషనై నెలే మేడమ్. ఇంత దూరం కూర్చోలేడని ఊళ్లోనే తీయించినా."

"నేరుగా ఐసు తగిలి గడ్డకట్టింది. కణాలు పగిలిపోయినాయి. ఇది పనికిరాదు, ఆయన్నే తీసుకురండి."

పెంచల్ ముఖం చూసి ఏంజెలిన్ మిగతా తిట్లు మింగేసింది.

మర్నాడు పెంచల్ తండ్రి నరసయ్య ఆటోలోంచి దిగలేకపోయాడు. ఆమే బయటికొచ్చి, ఆటోలోనే రక్తం తీసింది. పెంచల్ ఆమె వెంటే ల్యాబు గుమ్మం దాకా వచ్చాడు.

"దీంట్లో ఏం తెలుస్తది?"

"సీఏ నైన్‌టీన్ నైన్ అని, రక్తంలో క్యాన్సర్ జాడ చూపే అంకె ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు ఎనిమిది వందల నలభై. ముప్పై ఏడుకు లోపలికి దిగితే మంచి కబురు."

"దిగకపోతే?"

"లోపల ఇంకా మిగిలుందేమోనని డాక్టర్లకు భయం. బతుకు మీద ఆశ తగ్గిపోద్ది."

పెంచల్ ఆ ట్యూబు వంక చూశాడు. "మా నాయన నీళ్లు నాలిక్కి తగిలించుకుని చేప యాడుందో చెప్తాడు. అదే గొప్పనుకున్నా. మీరు ఇంత నెత్తురులో మనిషి ఆయుష్షు చూస్తాండారే!"

రోజుకు వంద ట్యూబులు చూసే ఏంజెలిన్ చేతిలోని ట్యూబును కొత్తగా చూసుకుంది. ఇన్నేళ్లూ తను చేస్తున్న పని ఇంత అద్భుతమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు అంకె తొంభై ఆరు. తగ్గింది కానీ చాలదు, కీమో మొదలుపెట్టారు. కీమోకు వచ్చిన ప్రతిసారీ పెంచల్‌కు ల్యాబు గుమ్మం దగ్గరే ఏదో ఒక సందేహం పుట్టేది. వాళ్లు రాని వారం ఏంజెలిన్‌కు అన్నం సయించేది కాదు.

రెండు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. రిపోర్టు పట్టుకుని ఏంజెలిన్ వరండాలోకి పరిగెత్తుకొచ్చింది.

"ఇరవై తొమ్మిది!"

బెంచీ మీద నరసయ్య కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

"నమ్మలేక మిషన్లో రెండుసార్లు పెట్టినా," అందామె. "ఎన్ని వేల ట్యూబులు చూసుంటానో పెంచల్! ప్రార్థన చేసింది ఈ ఒక్కదానికే."

"ఎందుకని?"

"అది కూడా నేనే చెప్పాలా?"

పెంచల్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే చెప్తా. నువ్వు లేకుండా నాకు పొద్దుపోదు ఏంజెలిన్."

నరసయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే ఆ లెక్కన నాకింకెన్నేళ్లమ్మా?"

ఏంజెలిన్ అబద్ధం చెప్పలేకపోయింది. "ఈ అంకె ఏళ్లు చెప్పదు నాయనా. ఆశ ఉందంటది, అంతే. మూడు నెలలకు మళ్లీ చూడాల."

తను 'నాయనా' అన్న సంగతి ఆమె గమనించనే లేదు. ముసలాయన మాత్రం కొడుకు వంక చూసి నవ్వాడు.

"మూణ్ణెల్లు చాలు. చర్చిలోనో గుళ్లోనో మీరే తేల్చుకోండి. రెండు చోట్లా అయినా సరే, ముందు వరసలో కూర్చునేది నేనే."