హత్య వేళ మోగిన పాట

రికార్డింగ్ స్టూడియో నడిపే రాడోయ్ ముఖం గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఉంది.

మైకు స్టాండు ఇనప దిమ్మతో కొట్టారు. ఒక్క దెబ్బ కాదు. పళ్లు మిక్సింగ్ బల్ల కింద చెల్లాచెదురుగా పడ్డాయి. స్పీకర్ల మీద నెత్తురు చిమ్మింది. వాటిలోంచి ఒక పెళ్లి పాట చెవులు చిల్లులు పడేలా మోగుతోంది.

ముందుగా వచ్చిన కానిస్టేబుల్ భరించలేక స్పీకర్ల ప్లగ్గు పీకేశాడు. కంప్యూటర్ జోలికి పోలేదు. ఆ పుణ్యాత్ముడు సర్వీసులో చేసిన మంచి పని అదొక్కటే.

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగర పోలీసుల దృష్టిలో కేసు అప్పుడే తేలిపోయింది. హతుడి తమ్ముడు పెన్కో చేతులకు బేడీలు పడ్డాయి. హత్య రోజు మధ్యాహ్నమే అన్నదమ్ములు కొట్టుకున్నారు. పెన్కో పట్టుబట్టి స్టూడియో కంప్యూటర్‌లో పాత సిస్టమ్ తీసేసి లినక్స్ అనే కొత్త సిస్టమ్ వేశాడు. గాయకులు పాడుతుండగా సౌండ్ ఆగిపోయింది. పరువు పోయిన రాడోయ్ తమ్ముడి పెదవి చిట్లగొట్టాడు. "రేపే దీన్ని పీకి పారేస్తా. నా గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా" అని వీధంతా వినేలా అరిచాడు.

మర్నాడు ఉదయానికి బయట జీపు సిద్ధం. కోర్టుకెళితే పెన్కోకి జీవిత ఖైదే.

ఇన్‌స్పెక్టర్ జ్లాత్కాకు మాత్రం ఆ పాట మింగుడుపడలేదు. పెన్కోనూ, రాడోయ్ భాగస్వామి వెలిన్‌నూ హత్య జరిగిన స్టూడియో కంట్రోల్ రూమ్‌లోనే నిలబెట్టింది.

"నిన్న సాయంత్రం ఆరింటికి, ఈ పాట మొదలైనప్పుడు ఎక్కడున్నారు, వెలిన్ గారూ?"

"పక్క గదిలో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మిక్సింగ్‌లో ఉన్నా. ఏమీ వినలేదు మేడమ్. ఈ బుడ్డోణ్ని అడగండి. ఊరికే దొరికే సిస్టమ్ తెచ్చి అన్న పరువు తీశాడు. చాలక ప్రాణం కూడా తీశాడు."

"నోర్ముయ్, వెలినన్నా!"

పెన్కో బేడీలతోనే మీదికి దూకాడు. కానిస్టేబుల్ అతని మెడ పట్టి గోడకేసి గుద్దాడు. పెన్కో ముక్కు పగిలింది.

"వదలవయ్యా వాణ్ని!" జ్లాత్కా కసిరింది. "పెన్కో, ఒకటి చెప్పు. రికార్డింగ్ నడుస్తుండగా పాట పెడితే ఏమవుతుంది?"

"మా పాత సిస్టమ్‌లోనా? పాట సౌండ్ కార్డును లాక్కునేది. రికార్డింగ్ చచ్చేది. అందుకు తిట్లు తినని వాళ్లు లేరిక్కడ."

"కొత్తదాంట్లో?"

"రెండూ కలిసి నడుస్తాయి. అందుకే కదా మార్చమంది!"

"మీరు వాడి చూశారా, వెలిన్ గారూ?"

"దాన్నా? చెప్పుతో కూడా ముట్టుకోను."

జ్లాత్కా తెరమీద పాట నడుస్తున్న విండోను పక్కకు జరిపింది. వెనక రికార్డింగ్ నడుస్తోందని చూపే ఎర్ర గీత ఇంకా పరుగెడుతూనే ఉంది. గది మైకు తెరిచే ఉంది.

పెన్కో నోరు తెరిచాడు. "కొత్త సిస్టమ్ తడబడుతుందేమో చూడ్డానికి గంటల తరబడి రికార్డింగ్ పెట్టి వదిలేస్తాం మేడమ్. అన్నను ఎంత బతిమాలినా వినలేదే!"

"విన్నాడు. నిన్నటి నుంచి నడుస్తోంది. చంపినవాడికి ఈ ఎర్ర గీత కనిపించింది. పాట పెడితే కేకలు అణిగిపోతాయి, రికార్డింగూ చస్తుంది అనుకున్నాడు. పాత అలవాటు. నువ్వైతే ఆ పొరపాటు చెయ్యవు."

వెలిన్ కుర్చీ ఎత్తి కంప్యూటర్ మీద వెయ్యబోయాడు. జ్లాత్కా లాఠీ అతని మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అతను ఏడుస్తూ కూలబడ్డాడు.

ఆమె పాట ఆపి, స్పీకర్ల ప్లగ్గు పెట్టి, రికార్డింగ్‌ను ఆరింటి దగ్గరికి తిప్పింది.

రాడోయ్ గొంతు. "చిన్నవాడి మీద చెయ్యి చేసుకున్నా, నాకు బుద్ధి లేదు. వాడు చెప్పిన సెట్టింగ్ మార్చానో లేదో, గంట నుంచి సౌండ్ ఒక్కసారీ ఆగలేదు. రేపు నీ గదిలో కంప్యూటర్‌నీ వాడిచేత మార్పిస్తా. నేర్చుకుంటావా, తప్పుకుంటావా?"

వెలిన్ గొంతు. "ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ని, ఆ పిల్లాడి దగ్గర ఓనమాలు దిద్దాలా?"

ఒక దెబ్బ. ఒక కేక. వెంటనే పాట. పాట అడుగున మళ్లీ దెబ్బలు. దెబ్బల మధ్య ఒకటే పిలుపు, "పెన్కో... పెన్కో..."

జ్లాత్కా చెయ్యి మీట మీదికి వెళ్లింది.

"ఆపొద్దు మేడమ్" అన్నాడు పెన్కో, ముక్కునుంచి కారే నెత్తురు తుడుచుకోకుండా. "నిన్న నేను లేను. అన్న పిలవడం మానేదాకా ఇక్కడే ఉంటాను."