చల్లారితే పరువు పోతుంది

"ముందు ఆ క్యారియర్ బయట పెట్టి రండి."

ఆక్యుపంక్చర్ డాక్టరమ్మ అతనితో అన్న మొదటి మాట అది. కూర్చోమని కూడా అనలేదు.

అతను పెద్ద హోటల్లో చెఫ్. అతను మూత తీస్తే హాల్లో కూర్చున్నవాళ్ళు మెనూ కార్డు కింద పెట్టేస్తారని పేరు. అంతటి మనిషి చేతిలో క్యారియర్‌ని చెప్పుల స్టాండు పక్కన పెట్టమంటే ఎలా ఉంటుంది?

"మేడమ్, ఇది తిండి. చెప్పులు కాదు."

"తెలుసండీ. వాసన వస్తోంది. ఒక్కసారి మీ అమ్మగారి ముఖం చూడండి."

చూశాడు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది. క్యారియర్ బయట పెట్టి వచ్చాడు.

వాళ్ళమ్మ పి.టి. టీచర్‌గా రిటైరైంది. ఆవిడ విజిల్ వేస్తే మైదానం ఆ చివర కొట్టుకుంటున్న పిల్లలు కూడా చేతులు కట్టుకునేవారు. ఆ విజిల్ ఇప్పటికీ ఆవిడ మెడలోనే ఉంది. ఊదే ఓపికే లేదు. క్యాన్సర్‌కి మందు ఎక్కిస్తున్నారు. మందు బాగానే పనిచేస్తోంది, తిండే లోపల నిలవడం లేదు. ఇంకా బరువు తగ్గితే తర్వాతి విడత మందు వాయిదా వేయాల్సి వస్తుందని పెద్ద డాక్టరు హెచ్చరించాడు. వికారానికి ఆక్యుపంక్చర్ కూడా చేయించి చూడమని, ఆసుపత్రిలోనే ఉన్న ఈ గదికి పంపాడు.

డాక్టరమ్మ అమ్మ రక్తం రిపోర్టు శ్రద్ధగా చదివింది. అతనికి ఒళ్ళు మండుతూనే ఉంది.

"ఏమండీ, సూదులు గుచ్చితే జబ్బు పోతుందా?"

"పోదు. జబ్బు సంగతి డాక్టరుగారు చూసుకుంటారు. నేను వికారం సంగతి చూస్తాను. అది కూడా అందరికీ ఒకేలా తగ్గదు. సరే, నా సంగతి చెప్పాను. మరి మీ సంగతి?"

"నా సంగతేంటి?"

"వికారం తగ్గినప్పుడు లోపలికి ఏదైనా వెళ్ళాలి కదా. ఇంట్లో ఏం వండుతున్నారు?"

అడిగిందే తడవు, అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "వెల్లుల్లి ఎర్రగా వేయిస్తాను. మిరియాలు అప్పటికప్పుడు దంచుతాను. అమ్మ తినడం లేదని రోజురోజుకీ ఘాటు పెంచుతున్నాను, వాసనకైనా నోరూరుతుందని."

"అంటే అగ్నికి ఆజ్యం మీరే పోస్తున్నారన్నమాట!"

పెరిగిన ఛాతీ మళ్ళీ రెండంగుళాలు తగ్గింది.

"వేడి తిండికి వాసన ఎక్కువ. వికారం ఉన్నవాళ్ళకి అదే పగ. వంటింటి తలుపు మూసి వండండి. చల్లార్చి, చిన్న గిన్నెలో కొంచెం కొంచెంగా పెట్టండి."

"చల్లార్చా?" అతను కుర్చీలోంచి లేచాడు. "మా వృత్తిలో అంతకంటే పెద్ద తిట్టు లేదు తెలుసా? ప్లేటు చల్లారితే నేను వెనక్కి తెప్పించేస్తాను. చల్లారితే పరువు పోతుంది!"

"మీ పరువు ముఖ్యమా, అమ్మగారి బరువు ముఖ్యమా?"

గోడ వైపు నుంచి కిసుక్కుమని నవ్వు వినిపించింది. చాలా రోజుల తర్వాత అమ్మ నవ్వింది.

"అడుగు తల్లీ, అడుగు! వీణ్ణి ఇలా నిలదీసేవాళ్ళు నేను తప్ప ఇంకెవరూ లేకుండా పోయారు."

వెంట్రుకంత సన్నటి సూదులు ఒక్కొక్కటే దిగాయి. అమ్మ రెప్ప కూడా వేయలేదు. చెఫ్ మాత్రం గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"సూదులు నాకురా! నువ్వెందుకు బిగుసుకుపోతున్నావ్?" అంది అమ్మ.

వెళ్ళేముందు, వికారం వచ్చినప్పుడు ఇంటి దగ్గర మణికట్టు మీద ఎక్కడ నొక్కాలో చూపిస్తానంది ఆమె. చూపించడానికి అతని చెయ్యే పట్టుకుంది. మణికట్టు గీత దగ్గర్నుంచి మూడు వేళ్ళు పైకి కొలిచి, రెండు నరాల మధ్య బొటనవేలు ఆనించింది. పక్క వేళ్ళకి నాడి తగలగానే భృకుటి ముడిచింది.

"మీ నాడేంటండీ ఇలా పరిగెడుతోంది?"

"మెట్లెక్కి వచ్చాను కదండీ."

"మాది గ్రౌండ్ ఫ్లోర్."

అమ్మ అటు తిరిగి విజిల్ తాడు సవరించుకుంది. టీచరమ్మకి ఫౌల్ ఎక్కడ జరిగిందో వేరే చెప్పాలా?

ఇంటికెళ్ళి, తలుపు మూసి, గుమ్మడికాయా పెసరపప్పూ ఉడికించి సూప్ చేశాడు. చల్లార్చి రుచి చూస్తే చప్పిడి నీళ్ళలా ఉంది. వేడి లేదు, వాసన లేదు. ఇన్నేళ్ళూ తన గొప్ప అనుకున్నదాంట్లో సగం ఆవిరిదేనని అతనికి అప్పుడు తెలిసింది. పారబోశాడు. మళ్ళీ చేశాడు. ఉప్పు ఎప్పుడు వెయ్యాలో, నిమ్మరసం ఎంత పిండాలో, ఉడికించిన గుడ్డు ఎంత మెత్తగా కలపాలో మొదట్నుంచీ నేర్చుకున్నాడు. రోషమొచ్చిన వంటవాడు ఊరుకుంటాడా?

సూదులు వేయించుకున్న ఒక మధ్యాహ్నం, అమ్మ ఆ గదిలోనే చిన్న గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "ఇంకాస్త ఉందట్రా?" అంది.

హోటల్లో ఎందరో పెద్దమనుషులు అతని చెయ్యి పట్టుకుని పొగిడారు. ఆ పొగడ్తలన్నీ కట్టగట్టినా ఈ ఒక్క మాటకి సాటి రావు. అతను గిన్నె కడిగే నెపంతో బయటికి పారిపోయాడు. కళ్ళు తుడుచుకుంటుంటే, ఆమె బల్ల మీద మూత తీయని లంచ్ బాక్స్ కిటికీలోంచి కనిపించింది. వచ్చిన ప్రతివాళ్ళనీ "ఏం తిన్నారు?" అని అడిగే మనిషి, సాయంత్రం దాకా తన డబ్బా మూత తీయదు.

బరువు చూసే రోజు వచ్చింది. పెద్ద డాక్టరు తూకం చూసి, రిపోర్టులు చూసి, "భేష్! మందు అనుకున్న రోజుకే మొదలుపెడదాం" అన్నాడు.

వరండాలోకి రాగానే చెఫ్ కాలర్ ఎగరేశాడు. "చూశారా మేడమ్, నా సూప్ మహిమ!"

"నా సూదులు లేకపోతే మీ సూప్ సింకులోకి వెళ్ళేది."

"సూదులు గుచ్చితే బరువు పెరుగుతారా ఎక్కడైనా?"

"చల్లార్చి పెట్టమని చెప్పిందెవరు? అగ్నికి ఆజ్యం పోసిందెవరు?"

"చెప్పడం ఎవరైనా చెప్తారు, వండమనండి చూద్దాం!"

గొంతులు పెరిగాయి. నర్సులు తొంగిచూశారు. అంతలో చెవులు గింగురుమనేలా విజిల్ మోగింది.

వరండా మొత్తం స్తంభించిపోయింది. ఎవరి చేతిలోంచో ట్రే కింద పడింది. విజిల్ నోట్లోంచి తీసి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది అమ్మ.

"ఇద్దరిదీ ఫౌలే! మందు డాక్టరుగారిది. వికారం తగ్గించింది ఈ పిల్ల. వండి పెట్టింది నువ్వు. కానీ కష్టపడి తిన్నదెవరు? నేను! కప్పు నాది!"

చెఫ్‌కి ఆ మాటలు సగమే వినిపించాయి. అతను అమ్మ చేతిలో విజిల్ వంక చూస్తున్నాడు. పక్కకి తిరిగితే ఆమె కూడా అదే చూస్తోంది. ఆమె కళ్ళలో నీళ్ళు, పెదాల మీద గర్వం. 'ఇంత ఊపిరి మనం తెచ్చిందే' అనుకున్నాడతను. 'మనం' అనే మాట ఎప్పుడు దూరిందో అతనికే తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం జోరుగా వాన. పేషెంట్లు తలుపు ముందు వరసలో ఉన్నారు. అతను పొగలు కక్కుతున్న క్యారియర్‌తో, అడగకుండానే గదిలోకి వచ్చాడు.

"మళ్ళీ ఇదేంటి? అమ్మగారికి వేడి పడదని..."

"అమ్మకి కాదు, మీకు."

"బయట పేషెంట్లున్నారండీ."

బయట్నుంచి చిన్న విజిల్, వెనకే అమ్మ గొంతు వినిపించాయి. "ఇంటర్వెల్! డాక్టరమ్మ అన్నం తిని వస్తుంది. ఎవరూ కదలకూడదు!"

ఆమె ఫక్కున నవ్వేసింది. గిన్నె మూత తీసింది. ఆవిరి ముఖానికి తగిలి కళ్ళజోడు మసకబారింది. అలాగే అతని మణికట్టు అందుకుని, నాడి మీద బొటనవేలు ఆనించింది.

"మెట్లెక్కి వచ్చారా?"

"లేదండీ. మీ దగ్గరికి వస్తే ఇది ఇలాగే కొట్టుకుంటుంది, మొదటి రోజు నుంచీ. నాకు మీరంటే చాలా ఇష్టం. జీవితాంతం రోజూ ఇలాగే వేడివేడిగా వడ్డిస్తాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ముఖం ఎర్రబడింది. అతని చెయ్యి మాత్రం వదల్లేదు. రెండో చేత్తో చెంచా అందుకుంది.

"చేసుకుంటాను. ముందు నన్ను తిననివ్వండి, చల్లారితే మా ఆయన పరువు పోతుంది."